నీ భాష బాగానే ఉంది, తగ్గించు

ఈ దేశం వచ్చిన కొత్తలో నా టెన్షనంతా భాష గురించే. ఫిజియోథెరపిస్టు లైసెన్సు కోసం భాషా పరీక్ష రాసి పాసయ్యాను, నిజమే. కానీ పరీక్షలో వినిపించే గొంతు వేరు, పక్షవాతంతో మూతి ఒక పక్కకు పోయిన మనిషి గొంతు వేరు. న్యూరో వార్డులో మొదటి నెలంతా "మళ్లీ చెప్పండి" అనడంతోనే సరిపోయింది. ఆ లోటు పూడ్చుకోవాలని నేనే ఎక్కువ మాట్లాడేదాన్ని. మోకాలు ఎత్తండి, మడమ ముందు ఆనించండి, ఎదురుగా చూడండి, రాత్రి నిద్ర పట్టిందా... పేషెంటు ఒక అడుగు వేసేలోపు నావి నాలుగు మాటలు.

ఒకరోజు ఒక పెద్దావిడను నడిపిస్తున్నాను. ఎడమవైపు పక్షవాతం. బలం లేని వైపు నేను నిలబడి, ఆవిడ నడుముకు కట్టిన బెల్టు పట్టుకున్నాను. మనవరాలి గురించి ఏదో అడిగాను. మర్యాద తెలిసిన మనిషి, నా వైపు తిరిగి జవాబు చెప్పబోయింది. కాలు ఆగిపోయింది, ఒళ్లు వాలిపోయింది. బెల్టు చేతిలో ఉండబట్టి ఎలాగో కుర్చీలోకి దించగలిగాను. దెబ్బేమీ తగల్లేదు గానీ, నా చేతులు సాయంత్రం దాకా వణుకుతూనే ఉన్నాయి.

మా సీనియర్ తిట్టలేదు. 1997లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక చిన్న స్వీడన్ పరిశోధన గురించి చెప్పింది. నడుస్తున్న వృద్ధులతో మాట కలిపి చూశారట. జవాబు చెప్పడానికి ఆగిపోయినవాళ్లే ఆ తర్వాతి నెలల్లో ఎక్కువగా పడిపోయారు. మనం నడిచేటప్పుడు కాళ్ల గురించి ఆలోచించం. మెదడు దెబ్బతిన్న మనిషి మాత్రం ప్రతి అడుగూ చూసి చూసి వేయాలి. ఉన్న కాస్త ధ్యాసలో నేను వాటా అడిగానన్నమాట.

"నీ భాష బాగానే ఉంది, తగ్గించు," అంది చివరికి.

అప్పటినుంచి నేల మీద రంగు టేపు అంటించి "ఈ గీత దాటండి" అనడం మొదలుపెట్టాను. "మోకాలు ఎత్తండి" అంటే మనిషి మోకాలి గురించి ఆలోచిస్తాడు. గీత దాటమంటే మోకాలు దానంతటదే లేస్తుంది. పేషెంట్లను పరీక్షించేటప్పుడు కూడా అంతే. నిలకడను కొలిచే బెర్గ్ స్కేలులో 14 పనులు, మొత్తం 56 మార్కులు. ఒంటికాలిపై నిలబడటం, నేలమీది వస్తువు వంగి తీయడం లాంటివి. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోమనే పరీక్ష ఇంకొకటి. స్టాప్‌వాచ్ ఎన్ని సెకన్లని చెబుతుంది. నేను చూసేది మాత్రం ఆ వెనక్కి తిరిగే చోట. నిలకడ లేనివాళ్లు అక్కడ చిన్న చిన్న అడుగులు ఎన్నో వేస్తారు. నా నోరు కదులుతూ ఉంటే అది నాకు కనిపించదు.

అలాగని ఎప్పటికీ మౌనవ్రతం కాదు. నిలకడ వచ్చినవాళ్లతో తర్వాత కావాలనే మాట కలుపుతాం, నడుస్తూ లెక్కలు చేయిస్తాం. రోడ్డు మీద పలకరించేవాళ్లు ఉంటారు కదా.

పార్కిన్సన్స్ ఉన్న ఒక పెద్దాయన సంగతి వేరు. హాల్లో బాగానే నడుస్తాడు, గుమ్మం దగ్గరికి రాగానే కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. ఎదురుగా ఏ అడ్డూ ఉండదు. ఇరుకు చోట్ల, మలుపుల్లో ఈ జబ్బులో ఇలా జరుగుతుంది. అడుగు తర్వాత అడుగు దానంతటదే పడేలా చూసే ఏర్పాటు మెదడులో మొరాయిస్తుంది. అలాంటప్పుడు బయటి నుంచి గీతో తాళమో అందిస్తే చాలాసార్లు కదలిక వస్తుంది. ఆ రోజు తాళం కొట్టే నా మెట్రోనోమ్ బ్యాటరీ అయిపోయింది. వెనకాల ఇంకో వీల్‌ఛెయిర్ ఎదురుచూస్తోంది. కంగారులో ఈ దేశపు అంకెలు నోటికి రాలేదు. చేత్తో తొడ మీద తట్టుకుంటూ "ఒకటి, రెండు, ఒకటి, రెండు" అన్నాను. ఆయన కదిలాడు.

ఇందులో మహిమేమీ లేదు. తాళం పనిచేసింది, తెలుగు కాదు. మర్నాడు మందు ప్రభావం తగ్గిన వేళలో అదే గుమ్మం, అవే అంకెలు, అంగుళం కదల్లేదు. మందు వేసుకున్నాక గంటకు మళ్లీ ప్రయత్నించాం. ఇప్పుడు ఆయన సెషన్లన్నీ మందు టైము చూసుకునే పెడుతున్నాను. మొదట్లోనే చేయాల్సిన పని అది.

ఆయనకు మాత్రం ఆ అంకెలు నచ్చాయి. కాగితం మీద తన లిపిలో రాయించుకున్నాడు. పోయిన వారం గుమ్మం ముందు ఆగి, బరువు కుడికాలి మీదికి మార్చుకుని, నేనేమీ అనకముందే తనే మొదలుపెట్టాడు. "ఓకాటీ, రేందూ." దిద్దబోయి నోరు మూసుకున్నాను. అప్పటికి ఆయన ఒక కాలు గుమ్మం అవతల పెట్టాడు, రెండోది ఇంకా ఇవతలే ఉంది.