మెట్లు లేని దారి

అక్టోబరు చివరి వారంలో అమ్మను వెంటబెట్టుకుని దక్షిణ కొరియా వెళ్లాను. మా తమ్ముడు సియోల్‌కు దక్షిణాన ఉన్న సువాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడికి వారం మధ్యలో సెలవు దొరకదు కాబట్టి శని, ఆదివారాలు మినహా మిగిలిన రోజులన్నీ మేమిద్దరమే తిరగాలి. అమ్మకు అరవై ఆరేళ్లు. చదునైన దారి మీద ఎంత దూరమైనా నడుస్తుంది గానీ, మోకాళ్ల నొప్పి వల్ల మెట్లు దిగాలంటే మాత్రం గోడో, మనిషి భుజమో ఆసరాగా ఉండాలి. అందుకే బయలుదేరే ముందు నేను పెట్టుకున్న బెంగ భాష గురించి కాదు, తిండి గురించీ కాదు, దారుల గురించి.

విమానం ఎక్కే ముందు రోజు రాత్రి తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, మన దగ్గర వాడే గూగుల్ మ్యాప్‌ను నమ్ముకుని రావద్దు. నేవర్ మ్యాప్, కకావో మ్యాప్ రెండూ ఇప్పుడే వేసుకో. ఇక్కడ అవే దిక్కు" అన్నాడు. వాడు చెప్పిన మాటకు కారణం ఉంది. 1:5000 స్కేలు వివరాలున్న పటాల సమాచారాన్ని ప్రభుత్వ అనుమతి లేకుండా దేశం దాటించకూడదని కొరియా చట్టం చెబుతుంది. గూగుల్ 2007లో ఒకసారి, 2016లో మరోసారి అడిగినా ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ సమాచారం లేనిదే అడుగడుగునా నడక దారి సరిగ్గా చూపించలేమన్నది గూగుల్ వాదన. నేవర్, కకావో ఆ దేశపు సంస్థలు, వాటి సమాచారం ఆ దేశంలోనే ఉంటుంది. ఈ సంగతి విన్నప్పుడు నాకు ఇదేదో వ్యాపార తగాదాలాగే అనిపించింది. దాని లోతు సియోల్‌లో మూడో రోజున ఒక కనుమ దగ్గర నిలబడినప్పుడు గానీ తెలియలేదు.

ఇంచియాన్ విమానాశ్రయం నుంచి రైల్లో హోంగిక్ యూనివర్సిటీ స్టేషన్‌కు చేరేసరికి చీకటి పడింది. మేము దిగవలసిన గెస్ట్‌హౌస్ అక్కడికి దగ్గరలోనే, యొన్నామ్-దోంగ్ అనే పేటలోని ఒక సందులో ఉంది. పేరును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతికితే మ్యాప్ అదే పేరు వినిపించే వేరే పేటలోని ఇంటిని చూపించింది. పొరపాటు నాది. కొరియన్ అచ్చుల్లో కొన్నింటికి రోమన్ లిపిలో సరైన సాటి లేదు, ఒకే పేరును నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. అంతెందుకు, మనం సియోల్ అని రాసుకునే పేరు వాళ్ల లిపిలో రెండే అక్షరాలు, వాళ్లు పలికితే 'సొఉల్' అన్నట్టు వినిపిస్తుంది. తమ్ముడికి ఫోన్ చేస్తే, "పేరు వద్దు, వాళ్ల ఫోన్ నంబరు కొట్టి చూడు" అన్నాడు. వెతికే చోట పేరుకు బదులు నంబరు కొట్టగానే మ్యాప్ సరిగ్గా ఆ ఇంటి మీదే గుర్తు పెట్టింది. ఆ తరువాత పది రోజుల పాటు హోటళ్లకైనా, మ్యూజియాలకైనా నేను పేర్లు కొట్టడం దాదాపు మానేశాను.

ఆ సందులో నడుస్తూ ఇళ్ల గోడల మీది నీలం రంగు రేకు పలకలను చూస్తే అంకెలు ఒక పద్ధతిలో పెరుగుతున్నట్టు తోచింది. కొరియాలో పూర్వం చిరునామాలు భూమి సర్వే నంబర్లను బట్టి ఉండేవి, కాబట్టి పక్కపక్క ఇళ్లకు పొంతన లేని అంకెలు ఉండేవి. 2014 జనవరి 1 నుంచి రోడ్డు పేరుతో రాసే చిరునామాలే అధికారికం అయ్యాయి. పెద్ద రహదారి 'దేరో', మామూలు రోడ్డు 'రో', సందు 'గిల్'. రోడ్డు మొదలైన చోట నిలబడితే ఎడమ చేతి వైపు బేసి సంఖ్యలు, కుడి చేతి వైపు సరి సంఖ్యలు. ఇరవై మీటర్లకు ఒక జత చొప్పున అంకెలు ఇచ్చారు కాబట్టి ఇంటి నంబరును పదితో హెచ్చిస్తే ఆ ఇల్లు రోడ్డు మొదటి నుంచి సుమారు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. ముప్పై ఒకటో నంబరు ఇల్లంటే మూడు వందల మీటర్లు దాటి ఎడమ పక్కన అన్నమాట. గుంటూరులో మా ఇంటి డోర్ నంబరులో రెండు గీతలూ ఒక అడ్డగీతా ఉంటాయి. అయినా కొరియర్ అబ్బాయి ఫోన్ చేస్తే మేము చెప్పేది "రామాలయం వెనక సందు, వేపచెట్టు ఎదురుగా" అనే. ఇక్కడి నంబరే దూరాన్నీ దిక్కునూ చెబుతున్నదని వివరిస్తే అమ్మ ఆ సందు పొడవునా పలకలు చదువుకుంటూ నడిచింది. గెస్ట్‌హౌస్ గుమ్మాన్ని ఆమే ముందు గుర్తుపట్టింది.

ఆ రాత్రే నేను కొరియన్ అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్నాను. నేవర్ మ్యాప్‌ను ఇంగ్లీషులో పెట్టుకోవచ్చు, కానీ చిన్న దుకాణాల పేర్లు, కొన్ని సూచనలు కొరియన్‌లోనే మిగిలిపోతాయి. రాజు సెజోంగ్ 1443లో రూపొందించి 1446లో ప్రజలకు ప్రకటించిన ఆ లిపి గుణింతం దిద్దుకున్నవాళ్లకు పరాయిగా అనిపించదు. హల్లు, దానికి పక్కనో కిందనో అచ్చు గుర్తు, అవసరమైతే అడుగున మరో హల్లు, అన్నీ కలిసి ఒక చదరంలో ఒదిగి ఒక అక్షరం అవుతుంది. ఒత్తులు రాసే చేతికి అందులో కొత్తేమీ లేదు. చిన్న చదరం గీస్తే 'మ', మొదట్లో సున్నా చుడితే దానికి శబ్దం లేదు, అడుగున వస్తే అదే 'ంగ్'. రెండు సాయంత్రాల్లో నేను పది మాటలు కూడబలుక్కుని చదవగలిగాను. 'యొక్' అంటే స్టేషన్, 'ఛుల్గు' అంటే బయటికి వెళ్లే దారి, 'కేదాన్' అంటే మెట్లు. మాకు అన్నిటికంటే ఉపయోగపడినది ఆ చివరి మాటే.

ఎందుకంటే నేవర్ మ్యాప్‌లో నడక దారి అడిగినప్పుడు, మామూలు దారి, పెద్ద రోడ్ల మీదుగా వెళ్లే దారి కాక, మెట్లను తప్పించే దారి కూడా విడిగా ఎంచుకోవచ్చు. దానిని చూడగానే ఈ మ్యాప్ తయారు చేసినవాళ్లలో ఎవరి ఇంట్లోనో మా అమ్మలాంటి పెద్దావిడ ఉండి ఉంటుందని నాకు గట్టిగా అనిపించింది. సియోల్ కొండల మధ్య కట్టిన ఊరు. మ్యాప్ మీద వంద మీటర్లుగా కనిపించే దూరం నిజానికి అరవై మెట్లు కావచ్చు, ఆ సంగతి అక్కడ నడిచినవాళ్లకే తెలుస్తుంది.

సబ్‌వేలోనూ ఇలాంటి శ్రద్ధే కనిపించింది. రెండో లైను రైలుకు పది పెట్టెలు, పెట్టెకు నాలుగు తలుపులు ఉంటాయి. లైను మారాలంటే ఎన్నో పెట్టె ఎన్నో తలుపు దగ్గర ఎక్కితే దిగిన చోటు నుంచి నడక తగ్గుతుందో మ్యాప్ ముందే చెబుతుంది. 5-3 అని చూపిస్తే ప్లాట్‌ఫారం తలుపుల దగ్గర అవే అంకెలు వెతుక్కుని నిలబడితే చాలు. స్టేషన్ నుంచి పైకి వచ్చే దారులకూ నంబర్లే. హోంగిక్ యూనివర్సిటీ స్టేషన్‌కు తొమ్మిది ఉన్నాయి, వాటిలో తప్పుదానిలో నుంచి బయటపడితే వెడల్పాటి రోడ్డుకు అవతల తేలుతాము.

మూడో రోజున బస్సు ఎక్కాము. 2004 జూలైలో సియోల్ నగరం బస్సుల తీరును మార్చినప్పుడు దూరప్రాంతాలను కలిపే వాటికి నీలం రంగు, పేటల్లో తిరిగి స్టేషన్లకు చేర్చే వాటికి ఆకుపచ్చ రంగు వేసి, నగరాన్ని సున్నా నుంచి ఏడు వరకు మండలాలుగా విభజించి వాటిని బట్టి నంబర్లు ఇచ్చారు. మొదటి అంకె బయలుదేరే మండలం, రెండోది చేరే మండలం. మేము ఎక్కవలసిన ఆకుపచ్చ బస్సు 1020 అంటే ఉత్తరాన ఒకటో మండలంలో బయలుదేరి నగరం నడిబొడ్డుకు వచ్చేది. క్యోంగ్‌బొక్‌గుంగ్ ప్యాలెస్ స్టేషన్ దగ్గర దానిని పట్టుకుని బుఆమ్-దోంగ్ వైపు కొండ ఎక్కాలి.

ఆ రోజు నేను హడావుడిలో స్టాప్ పేరు మాత్రమే చూసి రోడ్డుకు ఇటు పక్కనే నిలబడ్డాను. రెండు బస్సులు వదిలేశాము. వాటిలో జనం ఎక్కువగా ఉన్నారని మ్యాప్ ముందే చూపించింది, అమ్మకు సీటు దొరకాలని నేను ఖాళీ బస్సు కోసం ఆగాను. అప్పుడు అమ్మ నా ఫోన్ వైపు, స్టాప్ స్తంభం వైపు మార్చి మార్చి చూసి, "ఇందులో ఉన్న అంకెలు వేరు, ఆ పలక మీద ఉన్నవి వేరు కదే?" అంది. నిజమే. సియోల్‌లో ప్రతి స్టాప్‌కూ ఐదంకెల నంబరు ఉంటుంది. రోడ్డుకు అటూ ఇటూ ఉన్న స్టాప్‌లకు పేరు ఒకటే అయినా నంబరు ఒకటి కాదు. మేము కొండకు వెళ్లే వైపు కాక కిందికి వచ్చే వైపు నిలబడి ఉన్నాము. అమ్మకు కొరియన్ రాదు, మ్యాప్ వాడడమూ అంతగా రాదు. కానీ ముప్పై ఏళ్లు పాఠశాలలో హాజరు పట్టీలు సరిచూసిన కళ్లు అవి. ఆ తరువాత స్టాప్ నంబరు సరిచూసే పని పూర్తిగా ఆమెకే అప్పగించాను.

బస్సు చాహామున్ కనుమ దగ్గర దింపింది. ఎదురుగా కవి యున్ దోంగ్-జు పేరిట ఉన్న చిన్న మ్యూజియం ఉంది. కొండ మీది ఇళ్లకు నీళ్లు తోడే పాత పంపుహౌసును మార్చి 2012లో దానిని తెరిచారు. ఒక నీళ్ల ట్యాంకు పైకప్పును తీసేసి ఆకాశానికి వదిలేశారు, నీళ్లు నిలిచిన మట్టం మరకలు గోడల మీద అలాగే ఉన్నాయి. జపాన్ పాలన నుంచి కొరియాకు స్వాతంత్ర్యం రావడానికి కొన్ని నెలల ముందు, 1945 ఫిబ్రవరిలో, జపాన్ జైలులో చనిపోయిన ఇరవై ఏడేళ్ల యువకుడి కోసం కట్టిన చోటు అది. అమ్మ చాలాసేపు అక్కడి గోడను చూస్తూ నిలబడింది.

మ్యూజియం నుంచి రోడ్డు దాటితే పాత నగరపు ఛాంగుయిమున్ ద్వారం, దానికి దగ్గరలో ఒక పోలీసు అధికారి విగ్రహం ఉన్నాయి. 1968 జనవరి 21న ఉత్తర కొరియా పంపిన 31 మంది సాయుధులు అధ్యక్షుడిని చంపడానికి ఈ కొండల మీదుగా వచ్చి, అధ్యక్ష భవనానికి కూతవేటు దూరంలో ఈ కనుమ దగ్గర పోలీసులకు ఎదురుపడ్డారు. వాళ్లను ఆపినప్పుడు ప్రాణాలు కోల్పోయిన చోంగ్నో పోలీసు అధిపతి విగ్రహం అది. వెనక ఉన్న పుగాక్ కొండ మీది కాలిబాటలను 2007 దాకా సామాన్యులకు తెరవనే లేదు. రెండు కొరియాల యుద్ధంలో 1953లో కాల్పుల విరమణ జరిగింది గానీ శాంతి ఒప్పందం ఈనాటికీ లేదు. ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి పెద్దది చేసి చూస్తే, స్థానిక మ్యాప్‌లలో సైనిక స్థావరాలు ఉన్న చోట్ల పచ్చని అడవి పరిచి ఉంటుంది. తమ్ముడు చెప్పిన చట్టం అప్పుడు నాకు అర్థమైంది. ఇంటి మీదికి శత్రువు ఏ కాలిబాట వెంట వచ్చాడో గుర్తున్నవాళ్లు కాలిబాటల పటాన్ని పరాయి చేతికి ఇవ్వడానికి జంకుతారు. చట్టం నేటి అవసరాలకు తగినట్టు మారాలా అన్నది వాళ్లు తేల్చుకోవలసిన విషయం. ఆ భయం మాత్రం ఉత్తిది కాదు.

రెండో వారంలో రైలెక్కి బుసాన్ వెళ్లాము. అక్కడ కకావో మ్యాప్‌లో సిటీ బస్సులు రోడ్డు వెంట నిజంగా కదులుతున్నట్టు కనిపిస్తాయి. అమ్మ హోటల్ గదిలో కూర్చుని ఆ బొమ్మలను చూస్తూ, "ఇదిగో మన బస్సు సిగ్నల్ దగ్గర ఆగింది, నిదానంగా దిగుదాం" అనేది. ఆమెకు తొందరపడి నడవవలసిన అవసరం లేకుండా చేసిన ఆ ఒక్క సదుపాయానికే నేను ఎంతో రుణపడి ఉన్నాను.

కామ్‌ఛాన్ గ్రామం చూడాలన్నది నా కోరిక, అమ్మ మోకాళ్లను తలుచుకుని వెనకాడాను. యుద్ధకాలంలో బుసాన్ చేరిన జనం 1950లలో కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఇళ్లు కట్టుకున్న పేట అది. ముందు ఇల్లు వెనక ఇంటి చూపుకు అడ్డు రాకూడదన్నది అక్కడి కట్టుబాటు. 2009 నుంచి కళాకారులు వచ్చి రంగులు వేసి, బొమ్మలు పెట్టి దానికి కొత్త రూపు తెచ్చారు. తోసోంగ్ స్టేషన్ ఆరో నంబరు దారిలో బయటికి వచ్చి, చిన్న పేట బస్సు పట్టుకుంటే అది కొండ పైదాకా తీసుకువెళ్లింది. మెట్లు తప్పించే దారి అడిగితే మ్యాప్ పేట చుట్టూ తిప్పి, కొండ నడుము వెంట సాగే రోడ్డును చూపించింది. దూరం రెట్టింపు, కానీ ఒక్క మెట్టు లేదు. మేము మెల్లగా నడిచాము.

దారి మధ్యలో ఒక ఇంటి ముందు చాప మీద ఎర్ర మిరపకాయలు ఆరబోసి ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. గుంటూరు మనిషి మిరపకాయను చూసి ఆగకుండా ఎలా పోతుంది? అమ్మ వంగి ఒక కాయ చేతిలోకి తీసుకుని, తొడిమ దగ్గర నొక్కి చూసి, ఆరిందా లేదా అన్నట్టు తల ఊపింది. ఆవిడ నవ్వి, పక్కన చోటు చూపించింది. పావుగంట సేపు ఇద్దరూ చెరో భాషలో మాట్లాడుకున్నారు. లేచేటప్పుడు నేను ఫోన్ చూపించి బస్సు స్టాప్ దారి అడిగితే, ఆవిడ మ్యాప్ గీసిన నీలం గీతను వేలితో తడిమి, చెయ్యి అడ్డంగా ఊపి, తన ఇంటి పక్క గోడల మధ్య నుంచి వెళ్లే సన్నని వాలు దారిని చూపించింది. దానికి ఒక పక్క చేతిపట్టు కమ్మీ ఉంది. మ్యాప్‌లో ఆ దారి లేదు. మెట్లూ లేవు. మూడు నిమిషాల్లో మేము స్టాప్‌లో ఉన్నాము.

బస్సు ఇంకా నాలుగు నిమిషాల దూరంలో ఉందని ఫోన్ చూపించింది. నేను బస్సు నంబరు చూసుకుంటూ ఉంటే, అమ్మ అప్పటికే స్టాప్ స్తంభం దగ్గరికి వెళ్లి, కళ్లజోడు సవరించుకుని, పలక మీది అంకెలను ఒక్కొక్కటే పైకి చదువుతోంది.