కూలర్ ఆగాక వినిపించిన గొంతు

మే నెలలో కాజీపేటలో రాత్రిపూట పాట వినడమంటే కూలర్ మోతతో పోటీ పడడమే. అమెరికన్ నటి, గాయని జూలీ లండన్ పాడిన ‘జూలీ ఈజ్ హర్ నేమ్’ ఆల్బమ్‌ను నేను మొదట ఆ మోతలోనే విని, ఇందులో ఏముందని పక్కన పెట్టేశాను. వారం తరువాత ఒక రాత్రి పదకొండు దాటాక కరెంటు పోయి, పక్కింటి ఇన్వర్టర్ సన్నటి రొద మాత్రమే మిగిలినప్పుడు, నిద్ర పట్టక ఫోన్‌లో దాన్నే మళ్ళీ పెట్టాను. మొదటి పాటలో ఒక పాదానికీ మరో పాదానికీ నడుమ ఆమె ఊపిరి తీసుకోవడం వినిపించింది. వారం క్రితం నా చెవికి అందకుండా పోయింది సరిగ్గా అదే.

1955లో లిబర్టీ రికార్డ్స్ విడుదల చేసిన ఈ ఆల్బమ్‌లో 13 పాటలున్నాయి. వాద్యాలు రెండే: బార్నీ కెసెల్ గిటార్, రే లెదర్‌వుడ్ బాస్. డ్రమ్ములు లేవు, పియానో లేదు. పదేళ్ళకు పైగా సినిమాల్లో నటిస్తూ వచ్చిన ఆమెకు ఇదే మొదటి ఆల్బమ్. తనది అంగుస్తాను పట్టేంత గొంతేననీ, అందుకే మైక్‌కు దగ్గరగా పాడవలసి వస్తుందనీ ఆమే చెప్పుకుంది. సూది గుచ్చుకోకుండా దర్జీలు వేలికి తొడుక్కునే ఆ చిన్న తొడుగుతో పోల్చుకోవడంలో నాకు వినయం కంటే లెక్కే ఎక్కువ కనిపిస్తుంది. మైక్‌కు అంత దగ్గరగా ఉన్నప్పుడు గొంతు పెంచే పని ఉండదు; మాట చివర పెదవులు కలిసే చప్పుడు సైతం రికార్డులోకి చేరుతుంది, దాన్ని కప్పడానికి వెనక ఆర్కెస్ట్రా కూడా లేదు.

భానుమతి గారి పాటలతో పెరిగిన చెవికి ఇది వెంటనే ఎక్కలేదు. 1951 నాటి ‘మల్లీశ్వరి’లో తన పాటలు తానే పాడుకున్న ఆవిడ గొంతు, పెళ్ళిపందిరి లౌడ్‌స్పీకర్‌లో పెట్టినా ఖంగుమని వీధి చివరిదాకా వినిపిస్తుంది. జూలీ లండన్‌ను అదే లౌడ్‌స్పీకర్‌లో పెడితే మిగిలేది గిటారే.

ఆ మొదటి పాట, ‘క్రై మీ ఎ రివర్’, ఆర్థర్ హామిల్టన్ రాసినది. దాన్ని ‘పీట్ కెలీస్ బ్లూస్’ అనే సినిమాలో జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ చేత పాడించాలనుకున్నారు గాని, చివరకు సినిమాలో ఉంచలేదు. ఆ సినిమా దర్శకుడు జాక్ వెబ్ జూలీ మాజీ భర్త. మాజీ భర్త సినిమాలో చోటు దొరకని పాటే ఆమెను గాయనిగా నిలబెట్టిందని కథలో రాస్తే, మరీ కల్పించినట్టుందని సంపాదకుడు కొట్టేస్తాడు.

వదిలివెళ్ళినవాడు తిరిగి వచ్చి ఒంటరినయ్యానని వాపోతే, నీ కోసం నేను ఏరు పారేంతగా ఏడ్చాను, ఇక నీ వంతు అని చెప్పే పాట అది. ఎవరైనా రోషంగా పాడతారు. ఈమె గొంతులో రోషం జాడ కూడా లేదు. ప్రేమ ‘ప్లెబియన్’ వ్యవహారమని అతడు ఒకప్పుడు ఈసడించిన మాట పాట నడుమ వస్తుంది. నేను నిఘంటువు తీసి చూస్తే, అలగాజనానిది అన్న అర్థం కనిపించింది. అంత బరువైన మాటను ఆమె ఎత్తిపొడుపుగా నొక్కదు, అతడు వదిలేసిపోయిన వస్తువేదో అతడికే అప్పజెప్తున్నట్టు తాపీగా పలుకుతుంది. అక్కడ పాడుతున్నది నటి అని తెలుస్తుంది.

మిగిలినవన్నీ ఈ ఎత్తులో లేవు. ‘ఈజీ స్ట్రీట్’ నాకు మామూలుగానే అనిపించింది. పాటలన్నీ ఒకే నడకలో సాగడం వల్ల నడుమ కొంత మగత కూడా కమ్ముతుంది. చంద్రుడు లేని చీకటి ప్రేమికులకు మేలే చేస్తుందని చమత్కరించే ‘నో మూన్ ఎట్ ఆల్’ మాత్రం కరెంటు లేని గదికి అతికినట్టు సరిపోయింది.

‘లారా’ నడుస్తుండగా జంక్షన్ వైపు నుంచి ఒక గూడ్సు బండి వచ్చి సగం పాటను మింగేసింది. ఆఖరి పాట మొదలవుతుండగా కరెంటు వచ్చి, కూలర్ మళ్ళీ గుర్రుమంది. లేచి స్విచ్ ఆపి, పాట అయ్యేదాకా చెమటలోనే కూర్చున్నాను.