కొరికింది ఏ వైపు?

1857 పాఠంలో ఒక వాక్యం అందరికీ కంఠతా వచ్చు: ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలను సిపాయిలు నోటితో కొరకాల్సి వచ్చింది. పదో తరగతి చదువుతున్న మా వాడు, "సీసాన్ని కొరికితే పళ్లు ఊడవా నాన్నా?" అన్నాడు. న్యాయమైన అనుమానమే. చెబితే ఎక్కేలా లేదని పాత నోట్‌బుక్ కాగితం చించి ఒక తూటా చుట్టి చూపించాను.

కాగితం గొట్టం, అంతే. ఒక కొసన గుండు, మిగతాదంతా తుపాకీ మందు. నేను గోలీ, బొంబాయి రవ్వ పెట్టాననుకోండి. అప్పుడు కొత్తగా వచ్చిన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గుండు దాదాపు 34 గ్రాములు, మందు నాలుగున్నర గ్రాముల లోపే. సిపాయి ఒక చేత్తో తుపాకీ, ఇంకో చేత్తో తూటాను గుండు దగ్గర పట్టుకుంటాడు. మెలిపెట్టిన రెండో కొసను పళ్లతో చింపి, మందు బ్యారెల్‌లో పోస్తాడు. తర్వాత కాగితాన్ని తిరగేసి గుండును తుపాకీ మూతిలో దూర్చి, మిగిలిన ముక్క చింపేసి, ఇనుప కడ్డీతో లోపలికి దిగ్గొడతాడు.

కొవ్వు పూసేది గుండు వైపు. రైఫిల్ లోపల మెలి తిరిగిన గాడులుంటాయి. నాలుగుసార్లు పేల్చేసరికి మసి పేరుకుంటుంది, జిడ్డు లేకపోతే గుండు దిగదు. పాత బ్రౌన్ బెస్ మస్కెట్‌లో గాడులు లేవు, గుండు వదులుగా జారిపోయేది. ఆ తూటాలనూ పళ్లతోనే చింపేవాళ్లు. కొరకడం పాతదే, కొవ్వే కొత్త.

అంటే పళ్లు పడేది కొవ్వు లేని కొస మీద! మరి సిపాయిలది ఉత్త భయమా? నేనైతే అలా అనను. పదేసి కట్టలుగా కట్టిన తూటాలు, మన ఎండలు. కరిగిన కొవ్వు ఒక పక్కనే బుద్ధిగా కూర్చుంటుందా? పైగా వేళ్లకు అంటనే అంటుతుంది. అది ఏ జంతువు కొవ్వో పట్టించుకుని కొనలేదని సర్కారు విచారణలోనే తేలింది.

జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో గొడవ మొదలయ్యాక, జిడ్డు మీరే కలిపి పూసుకోండి అన్నారు అధికారులు. తర్వాత చేత్తో చింపుకోవచ్చన్నారు. అప్పటికే నమ్మకం పోయింది. కాగితం నిగనిగలాడుతోంది, దాంట్లోనూ కొవ్వు కలిపారన్నారు బారక్‌పూర్ సిపాయిలు.

నన్నడిగితే పాఠంలో మీరట్ సంగతి ఇంకొంచెం వివరంగా ఉండాలి. ఏప్రిల్ 24న అక్కడ 90 మంది గుర్రపు సిపాయిల్లో 85 మంది ముట్టుకోబోమన్న తూటాలు ఎన్‌ఫీల్డ్‌వి కానే కావు, ఎప్పటినుంచో వాడుతున్న పాత రకమే. మే 9న వాళ్లకు పరేడ్ మైదానంలో అందరి ముందూ సంకెళ్లు వేశారు. మర్నాడు సాయంత్రానికి మీరట్ తగలబడుతోంది.