ఎనిమిదో రోజు, 78.0

సోమవారం

పొద్దున 6 గంటలకు వెయిట్ మిషన్ మీద 78.0. నిన్న ఇదే వేళకు 77.1. ఒక్క రాత్రిలో 900 గ్రాములు. తిండి తగ్గించి, నడక మొదలుపెట్టి ఇవాళ్టికి ఎనిమిదో రోజు.

సరిగ్గా ఇలాంటి పొద్దున్నే చాలామంది మనసు విరిగిపోతుంది. నోరు కట్టుకున్నా పెరుగుతోందని కొందరు డైట్ వదిలేస్తారు, కొందరు ఆ రాత్రికి అన్నం పూర్తిగా మానేస్తారు. తల్చుకుంటే బాధేస్తుంది, ఎందుకంటే ఆ పెరిగిన దాంట్లో కొవ్వు దాదాపు ఏమీ ఉండదు. లెక్క వేస్తే తెలిసిపోతుంది. కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. 900 గ్రాములు చేరాలంటే ఒంటి అవసరం తీరాక ఆపైన ఇంకో 7,000 కేలరీలు లోపలికి పోవాలి. బియ్యం లెక్కన చూస్తే 2 కిలోలు వండుకుని ఒక్కరే తినాలి.

నిన్నటి తిండి అంత లేదు. మధ్యాహ్నం పులిహోర, రెండు అప్పడాలు, ఆవకాయ. రాత్రి భోజనం 10 దాటాక. అసలు సంగతి ఉప్పులో ఉంది. రక్తంలో, కణాల చుట్టూ ఉండే నీటిలో ఉప్పు పాళ్ళు లీటరుకు 9 గ్రాముల దరిదాపు; ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో ఉండేదీ అంతే. ఈ పాళ్ళు చెడకుండా చూసుకోవడం ఒంటి పని. అందుకని ఒంట్లో అదనంగా నిలిచిన 3 గ్రాముల ఉప్పు మూడోవంతు లీటరు నీటిని పట్టి ఉంచుతుంది. రాత్రి సాక్సు తీసినప్పుడు చీలమండ చుట్టూ ఎలాస్టిక్ గాడి ఎప్పటికన్నా లోతుగా కనిపించడం ఒక్కోసారి దీనివల్లే. మామూలు తిండికి వస్తే కిడ్నీలు రెండు మూడు రోజుల్లో దాన్ని బయటికి పంపేస్తాయి.

పులిహోర ఇంకో పని కూడా చేసింది. పిండిపదార్థం లివర్లో, కండరాల్లో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది, మొత్తం 400–500 గ్రాములు. ఒక్కో గ్రాముకు దాదాపు 3 గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. వారమంతా అన్నం తగ్గించినప్పుడు ఆ నిల్వ, దాంతోపాటే నీరూ దిగిపోయాయి. నిన్న 100 గ్రాములు తిరిగి నిండిందనుకున్నా నీటితో కలిపి 400 గ్రాములు.

మొదటి వారం సంబరం కూడా ఈ లెక్కలోదే. 78.6, 78.1, 77.6, 77.2, 77.0, 76.9, 77.1. శనివారానికి 1.7 కిలోలు తగ్గినట్టు కనిపించింది. రోజుకు 500 కేలరీల లోటు పెడితే ఐదు రోజుల్లో కరిగే కొవ్వు 325 గ్రాములు. మిగతాదంతా నీరు, పేగుల్లో తగ్గిన తిండి బరువు. అది కొవ్వు కానప్పుడు ఇవాళ పెరిగిందీ కొవ్వు కాదు.

ఇక తొడలు. శనివారం సాయంత్రం కొత్తగా స్క్వాట్లు, 12 చొప్పున మూడు సెట్లు. ఇవాళ మెట్లు దిగుతుంటే పట్టేస్తున్నాయి. అలవాటు లేని వ్యాయామంలో కండరాల పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి, మరమ్మతు జరిగే చోట నీరు చేరుతుంది. ఈ నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువ. రోజూ నడక మొదలెట్టినవాళ్ళలో రక్తంలోని ప్లాస్మా, అంటే నీటి భాగం కూడా కొంత పెరుగుతుంది, అది మంచి మార్పే. కండబలానికని క్రియాటిన్ పొడి వాడేవాళ్ళకు కండరాల్లో కిలో, రెండు కిలోల నీరు చేరడం మామూలు. ఆడవాళ్ళకు నెలసరి ముందు రోజుల్లో కిలో దాకా పెరగొచ్చు, కాబట్టి పోలిక పోయిన నెల అదే రోజుతో చూసుకోవాలి, పోయిన వారంతో కాదు.

మిషన్‌నీ ఒకసారి చూడాలి. గట్టి టైల్స్ మీద, నాలుగు కాళ్ళూ సమంగా ఆనాలి. పట్టా మీద, టైల్స్ మధ్య గాడి మీద పెడితే అంకె నమ్మలేం. జరిపిన తర్వాత ఒకసారి కాలుపెట్టి దిగి, సున్నా వచ్చాక ఎక్కాలి. కొన్ని మిషన్లు తేడా చిన్నదైతే పాత అంకెనే చూపిస్తాయి. అనుమానముంటే లీటరు నీళ్ళ సీసా పట్టుకుని ఎక్కి, దిగి, మళ్ళీ ఖాళీ చేతులతో ఎక్కితే బయటపడుతుంది. లేచాక, బాత్రూంకి వెళ్ళొచ్చి, కాఫీకి ముందు, అవే బట్టలతో చూసుకోవాలి.

మొదటి వారం ఏడు అంకెల సగటు 77.5. వచ్చే ఆదివారం మరో ఏడు అంకెల సగటు తీసి దీని పక్కన పెట్టాలి. నడుము కొలత రెండు వారాలకోసారి చాలు: ఆఖరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన టేపు పెట్టి, మామూలుగా ఊపిరి వదిలాక.

నాలుగు వారాలైనా సగటు, నడుము రెండూ కదలకపోతే అప్పుడు తిండి వైపు చూడాలి, ముందుగా నూనె. ప్యాకెట్ కత్తిరించిన రోజే దాని మీద తారీఖు రాసేయాలి. లీటరు నూనె 910 గ్రాములు; నలుగురున్న ఇంట్లో పది రోజులకు అయిపోతే మనిషికి రోజుకు దాదాపు 23 గ్రాములు, అంటే 200 కేలరీలు. చాలా ఇళ్ళల్లో లోటు మాయమయ్యేది ఇక్కడే.

ఒక్క సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగి, కాళ్ళ వాపు, ఆయాసం ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవాళ్ళు డోసు సంగతి అడగకుండా అన్నం తగ్గించకూడదు, షుగర్ పడిపోతుంది. నీరు దిగడానికని మాత్రలు సొంతంగా వేసుకోవడం, నీళ్ళు తాగడం తగ్గించడం రెండూ ప్రమాదమే.

ఇవాళ తిండి మామూలే: మధ్యాహ్నం కప్పు అన్నం, పప్పు, బీరకాయ కూర, మజ్జిగ. సాయంత్రం 40 నిమిషాల నడక. స్క్వాట్లు తొడల పట్టు వదిలాక, బుధవారం, రెండు సెట్లే.