బ్యాటరీకి చిలుము, నా మీద నింద

మా ఇన్వర్టర్ బ్యాటరీ బాగుంది. దానిలో ఏ సెల్లూ పోలేదు. ఈ మాట మొదటే రాస్తున్నాను, ఎందుకంటే పోయిన శుక్రవారం ఒక బ్యాటరీ దుకాణంలో పదిమంది ముందు నన్ను నిలబెట్టి, "సెల్లు పోయిందమ్మా, నీళ్లు పోయకుండా మీరే చంపేశారు" అన్నారు. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది.

నా పుట్టిల్లు పాతపట్నం, మెట్టినిల్లు పర్లాకిమిడి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు ఒరిస్సాలోకి వచ్చింది, పాతపట్నం అటు ఆంధ్ర వైపే ఉండిపోయింది. మాకు మాత్రం పెళ్లిళ్లూ బజారూ రెండు వైపులా ఉన్నాయి. ఇరవై ఏళ్లకు పైగా ఇంటి ముందు గదిలో బట్టలు కుడుతున్నాను. మోటారు పెట్టిన మిషన్లు రెండు, ట్యూబులైట్లు రెండు, ఒక ఫ్యాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు దసరా ఇంకో వారం ఉంది. కరెంటు రోజుల తరబడి రాలేదు, చేతిలో ఉన్న జాకెట్లు ఇవ్వలేక మాట పడ్డాను. ఆ తర్వాత ఇన్వర్టర్ కొన్నాను. ఇప్పుడున్నది రెండో బ్యాటరీ, నూటయాభై ఆంపియర్ అవర్ల ట్యూబులర్. వారంటీ మూడేళ్లు, అవి ఇంకా నిండలేదు.

నెల రోజులుగా కరెంటు పోతే పది నిమిషాలకే ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోతోంది. మూత తీసి చూస్తే ప్లస్ వైపు బోల్టు కనిపించడం లేదు. దాని చుట్టూ తెల్లగా, లోపలికి వెళ్లేకొద్దీ నీలి ఆకుపచ్చగా, పాత సున్నం పెచ్చులా పొంగి ఉంది. వారంటీ ఉంది కదా అని నేను చెయ్యి పెట్టలేదు. ఆటో పిలిచి, ఇద్దరు మనుషులతో ఎక్కించి దుకాణానికి తీసుకెళ్లాను.

అక్కడి అబ్బాయి బ్యాటరీని నేల మీద దింపించి, టెస్టర్ కొక్కేలు రెండూ తెచ్చి ఆ పొక్కు మీదే తగిలించాడు. గీకలేదు, గుడ్డతో అయినా తుడవలేదు. ముల్లు ఒక్కసారి కిందికి పడింది. "సెల్లు పోయింది. కొత్తది తీసుకోండి, పాతదానికి ధర కడతాం" అన్నాడు. వారంటీ సంగతి ఏమిటని అడిగాను. యజమాని కుర్చీలోంచి లేవకుండానే, "నీళ్లు పోయని బ్యాటరీకి వారంటీ రాదు" అన్నాడు. నెలనెలా డిస్టిల్డ్ వాటరే పోస్తున్నానని చెప్పాను. "మీరు బట్టలు కుట్టుకునే మనిషి, మీకు ఇవి అర్థం కావులెండి" అన్నాడు. వెనక నిలబడిన వాళ్లలో ఇద్దరు నా దగ్గర కుట్టించుకునేవాళ్లే.

నేను కొత్తది కొననన్నాను. అయితే పరీక్ష చేసినందుకు మూడు వందలు కట్టి, ఈ కాగితం మీద సంతకం పెట్టి తీసుకెళ్లమన్నారు. కాగితం నిండా ఒడియా రాత. నేను ఒడియా రోజంతా మాట్లాడతాను, కానీ చదువుకున్నది అటువైపు తెలుగు బడిలో. చేతిరాత చదవలేను. ఏమి రాశారో చదివి చెప్పమన్నాను. "టెస్టు చేశామని రాశాం, అంతే" అన్నారు. ఆటో అతను బయట హారన్ కొడుతున్నాడు. సంతకం పెట్టాను.

ఇంటికొచ్చాక మా కోడలు చదివింది. ఆ అమ్మాయిది కాశీనగరం, చదువంతా ఒడియాలోనే. చదివి కాసేపు నా ముఖం చూసి, "అత్తయ్యా, నీళ్లు పోయకపోవడం వల్ల బ్యాటరీ పాడైందని మీరు ఒప్పుకున్నట్టు రాశారు" అంది. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఒడియా మీద నాకు కోపం లేదు, అది నా మనవడి చదువు. అడిగినా చదివి చెప్పకుండా సంతకం తీసుకోవడం మీదే నా కోపం. జనం మాట్లాడే భాషలోనే చదువూ రాతా ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఆయన సవరల భాష నేర్చుకుని ఆ పిల్లల కోసం పుస్తకాలు రాశారు. అలాంటి ఊళ్లో ఒక మనిషికి తెలియని రాతలో ఆ మనిషి తప్పు ఒప్పుకున్నట్టు రాసి సంతకం పెట్టించుకుంటారా?

మర్నాడు పాతపట్నంలో ట్రాక్టర్ బ్యాటరీలు చూసే మేస్త్రికి ఫోను చేశాను. మా నాన్నగారి కాలం నుంచి తెలిసినవాడు, బాబాయి అని పిలుస్తాను. సాయంత్రం సైకిలు మీద వచ్చాడు. వచ్చీ రాగానే ఏమీ శుభ్రం చేయలేదు. ఉన్నదున్నట్టే వైర్లు బిగించి, మెయిన్ ఆపి, మిషన్లు నడపమన్నాడు. మీటరు ముళ్లు రెండూ బ్యాటరీ సీసపు పోస్టుల మీద, ముల్లు ఆనేంత మేర మాత్రం పెచ్చు గీకి, గట్టిగా నొక్కి పెట్టాడు. 11.8 వోల్టులు. తర్వాత అవే ముళ్లు వైరు చివర బోల్టుకు బిగించే రాగి లగ్గుల మీద పెట్టాడు. 10.5. "చూశావా అమ్మా, 1.3 వోల్టులు ఈ పెచ్చులోనే పోతున్నాయి. ఇన్వర్టర్ బ్యాటరీ ఖాళీ అయిందనుకుని ఆపేస్తోంది" అన్నాడు. లగ్గు మీద వేలు పెట్టి చూడమన్నాడు. ఇస్త్రీ పెట్టె ఆపిన కాసేపటికి ఉండే వేడి ఉంది. ముప్పై ఆంపియర్లు పారుతున్న చోట అంత వోల్టేజీ పోతే దాదాపు నలభై వాట్ల వేడి అక్కడే పుడుతుందట.

తర్వాత యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ తీసి ఆరు సెల్లలోనూ యాసిడ్ పీల్చి చూశాడు. అన్నీ 1.190కి అటూ ఇటూ ఉన్నాయి. "సెల్లు పోతే ఆ ఒక్కటీ మిగతా వాటికంటే బాగా కిందికి ఉంటుంది. ఇవి ఆరూ ఒకే వరస. ఛార్జింగ్ సరిగా ఎక్కలేదు, అంతే" అన్నాడు. ఛార్జింగ్ వెళ్లేటప్పుడూ అదే పెచ్చు అడ్డం పడుతుంది. బ్యాటరీ నిండకముందే నిండినట్టు ఇన్వర్టర్‌కు కనిపిస్తుంది.

మరి ఈ చిలుము ఎందుకు పట్టింది? నీళ్లు పోయక కాదు, ఎక్కువ పోసినందుకు! నేను నీటి మట్టం చూపే ఫ్లోటు పచ్చగీత దాటేదాకా నింపుతున్నాను, నిండుగా ఉంటే మంచిదని. ఛార్జింగ్ అయ్యేటప్పుడు లోపల హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలుగా లేస్తాయి. నీళ్లు ఎక్కువగా ఉంటే బుడగలతో పాటు యాసిడ్ తుంపర మూతల్లోంచి పైకి వస్తుంది. అది సీసాన్ని తింటే తెల్ల పొడి, లగ్గులోని రాగిని తింటే నీలి ఆకుపచ్చ చిలుము. పైగా నట్టు కాస్త వదులుగా ఉంది. నా తప్పు ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ కాగితంలో రాసిన తప్పు నేను చేయలేదు, దానికి సరిగ్గా ఎదురుది చేశాను.

శుభ్రం చేయడం అరగంట పని. బాబాయి చెబుతుంటే నేనే చేశాను. ఇన్వర్టర్, మెయిన్ రెండూ ఆపాలి. చేతి గాజులు, మెడలో గొలుసు తీసేయాలి, ఎందుకంటే బంగారమైనా ఇనుమైనా రెండు టెర్మినళ్లకూ ఒకేసారి తగిలితే మండిపోతుంది. స్పానర్ పిడికి టేపు చుట్టుకోవాలి. ముందు మైనస్ విప్పాలి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. కారుకూ ట్రాక్టరుకూ ఇది మరీ ముఖ్యం, వాటి ఇనుప ఒళ్లంతా మైనస్సే. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు తప్పనిసరి. కిటికీ తెరిచి ఉంచాలి, దగ్గరలో దీపం ఉండకూడదు.

గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి, సెల్లు మూతలన్నీ బిగుతుగా ఉన్నాయో లేదో చూసుకుని, పాత పళ్ల బ్రష్‌తో ఆ పెచ్చు మీద అద్దాను. సుయ్యిమని నురగ లేచింది. నీలి నురగ, అంచుల్లో తెలుపు. పొంగడం ఆగేదాకా మళ్లీ మళ్లీ అద్దాలి. సోడా నీళ్లు సెల్లులోకి ఒక్క చుక్క పోయినా లోపలి యాసిడ్‌ను చంపుతుంది, అందుకే పోయకూడదు, అద్దాలి. లగ్గులను గ్లాసులోనే ముంచి ఉంచాను. తర్వాత మంచినీళ్ల గుడ్డతో తుడిచి, బాగా ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్దితే సీసం మెరిసింది. రెండు లోహాలూ శుభ్రంగా ఆనేటట్టు బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూయాలి. చాలామంది ముందే గ్రీజు పూసి బిగిస్తారు, అది పద్ధతి కాదు. కొందరు వేడినీళ్లు గుమ్మరిస్తారు. పెచ్చు కరుగుతుంది గానీ యాసిడ్ ఎక్కడికి పారుతుందో చూడరు.

బట్టల సంగతి నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను, నూలు చీరతో ఈ పనికి కూర్చోవద్దు. దుకాణానికి వెళ్లిన రోజు నా చీర కుచ్చిళ్ల మీద మూడు చుక్కలు పడ్డాయి. అప్పుడు ఏమీ కనిపించలేదు. ఉతికి ఆరేస్తే మూడు కన్నాలు, అంచులు చేత్తో ముడితే పొడిగా రాలాయి.

రాత్రంతా ఛార్జింగ్ పెట్టి మర్నాడు హైడ్రోమీటర్‌తో చూస్తే ఆరు సెల్లూ 1.240. నిన్న సాయంత్రం వాన మొదలు కాగానే కరెంటు పోయింది. మూడు గంటలపాటు రెండు మిషన్లూ ఆగకుండా నడిచాయి, నాలుగు జాకెట్లు పూర్తయ్యాయి. లగ్గులు చల్లగా ఉన్నాయి.

మీరు బ్యాటరీ పరీక్షకు ఇస్తే టెర్మినళ్లు శుభ్రం చేశాకే టెస్టర్ పెట్టమనండి. ఆరు సెల్లకూ మీ కళ్ల ముందే హైడ్రోమీటర్ పెట్టించండి, అంకెలు కాగితం మీద వేయించుకోండి. హైడ్రోమీటర్ లేదనే దుకాణంలో బ్యాటరీ దింపకండి. చదవలేని కాగితం మీద సంతకం పెట్టకండి, ఆటో ఎంతసేపు హారన్ కొట్టినా సరే.

ఈ ఉదయం కోడల్ని వెంటబెట్టుకుని ఆ దుకాణానికి వెళ్లాను. బాబాయి రాసిచ్చిన ఆరు అంకెలూ బల్ల మీద పెట్టాను. నేను ఒప్పుకున్నానని రాసిన ఆ వాక్యం కోడలు అందరికీ వినబడేలా ఒడియాలో చదివింది, తర్వాత తెలుగులో చెప్పింది. యజమాని ఈసారి కుర్చీలోంచి లేచాడు. వాక్యాన్ని కొట్టేసి, పక్కన తన సంతకం పెట్టాడు. ఆ మూడు వందలు మాత్రం తిరిగి ఇవ్వలేదు. సోమవారం మళ్లీ వెళ్తాను.