చెవి వెనక నల్లని పక్కు

మా పాపకు ఏడేళ్ళ వయసులో, దసరాకు ముందు, స్క్రబ్ టైఫస్ వచ్చింది. చీపురుపల్లి దగ్గర మా ఊళ్ళో వానాకాలం జ్వరమంటే మలేరియా, డెంగ్యూ, టైఫాయిడ్ అనే మూడు పేర్లే వినిపిస్తాయి. ఊళ్ళోని ఆర్‌ఎంపీ మొదలుకొని విజయనగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి దాకా అందరూ వైడాల్ పరీక్ష చూసి టైఫాయిడ్ అనే తేల్చారు. సెలైన్లు, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు సాగుతూనే ఉన్నాయి, జ్వరం మాత్రం దిగలేదు. ముఖం ఉబ్బింది, ప్లేట్‌లెట్లు పడిపోయాయి.

ఒక రాత్రి పాప నన్ను గుర్తుపట్టకుండా ఏదో గొణగడం మొదలుపెట్టింది, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. డ్యూటీ డాక్టరు వచ్చి, "ఇక్కడేమైనా జరిగితే మా పేరు పోతుందమ్మా, బిల్లు కట్టేసి విశాఖపట్నంలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకుపోండి" అన్నాడు. జబ్బు అంతుపట్టకపోవడాన్ని నేను తప్పుపట్టను. కానీ స్పృహ తప్పుతున్న బిడ్డను ఒళ్ళో పెట్టుకున్న తల్లితో ముందుగా తమ పేరు గురించి మాట్లాడిన ఆ మనిషిని ఈనాటికీ క్షమించలేకపోతున్నాను. మా ఆయన కౌంటరు దగ్గర లెక్క తేల్చుకునేదాకా అంబులెన్సు బయటే ఆగింది. దారి పొడుగునా పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ పైడితల్లికి మొక్కుకున్నాను.

కేజీహెచ్‌లో పీజీ చదువుతున్న ఒక డాక్టరమ్మ పాప గౌను విప్పించి, టార్చి వేసి, చంకలు, గజ్జలు, జుట్టు మొదళ్ళు అన్నీ వెతికింది. చెవి వెనక, జడ కింద, అగరువత్తి తగిలి కాలినట్టు నల్లని పక్కు, దాని చుట్టూ ఎర్రని అంచు కనిపించాయి. నొప్పి ఉండదు కనుక పాప ఎన్నడూ చెప్పలేదు. మా అత్తగారు తల దువ్వుతూ చూసి, "సీమేదో కుట్టుంటాది" అని పసుపు రాశారట. ఆ డాక్టరమ్మ మాత్రం ఆ పక్కును స్క్రబ్ టైఫస్ గుర్తుగా పోల్చుకుని, రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండా, ముక్కులో వేసిన గొట్టం గుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టించింది. అది చిన్నపిల్లల పళ్ళు పాడుచేస్తుందని మా బంధువొకాయన అభ్యంతరపెడితే, కొద్దిరోజుల వాడకానికి ఆ భయం అక్కర్లేదని ఓపికగా చెప్పింది. అన్ని ఇంజెక్షన్లకు లొంగని జ్వరం, చవకగా దొరికే ఆ మందుకు రెండు రోజుల్లో దిగింది. ఆమెకు చేతులెత్తి దండం పెట్టాను, దేవతకు పెట్టినట్టే పెట్టాను.

గడ్డిలో, పొదల్లో ఉండే, కంటికి ఆననంత చిన్న పురుగుల పిల్లదశ కుట్టినప్పుడు స్క్రబ్ టైఫస్ తెచ్చే బ్యాక్టీరియా ఒంట్లోకి చేరుతుందని, జ్వరం సాధారణంగా పది పన్నెండు రోజులకు బయటపడుతుందని, మనిషి నుంచి మనిషికి అంటదని ఆమె వివరించింది. సెఫ్ట్రియాక్సోన్ దీనిమీద పనిచేయదు. టీకా ఇంకా రాలేదు.

వానాకాలంలోనూ, ఆ తరువాత నెలల్లోనూ పిల్లల జ్వరం ఐదు రోజులు దాటితే బట్టలు విప్పి ఒళ్ళంతా చూడండి. పక్కు అందరిలోనూ కనిపించదు కాబట్టి స్క్రబ్ టైఫస్ పరీక్ష చేయమని నోరు తెరిచి అడగండి. మమ్మల్ని పంపేసిన ఆసుపత్రిలో మాత్రం అడిగితే తప్ప ఆ పరీక్ష ఇప్పటికీ రాయడం లేదని, మొన్న అక్కడికే వెళ్ళొచ్చిన మా పక్కింటివారు చెప్పారు.