దొరసాని బొమ్మ అడుగున

మా అత్తగారి సంక్రాంతి బొమ్మల కొలువులో రెండో మెట్టు మీద, కొండపల్లి దశావతారాల పక్కన, జానెడైనా లేని పింగాణీ దొరసాని ఒకతి నిలబడుతుంది. గులాబీరంగు గౌను, చేతిలో పూలబుట్ట. ఎడమ చేతికి చిటికెన వేలు లేదు. అది మా ఆవిడ ఆరో ఏట చేసిన ఘనకార్యం. "యుద్ధానికి ముందు, మా అన్నయ్య బారసాలకు నాన్న కలకత్తాలో కొన్న జర్మనీ బొమ్మ" అని అత్తయ్య పేరంటాళ్లందరికీ చెబుతారు. ఆ మాట ఇరవై రెండేళ్లుగా నేనూ వింటున్నాను.

ఈసారి కనుమ మర్నాడు బొమ్మలను పాత చీర ముక్కల్లో చుడుతూ దాన్ని తిరగేశాను. పింగాణీ కనబడితే అడుగు చూడటం ఈమధ్య నాకు పట్టుకున్న జబ్బు. జర్మనీ అనగానే మైసెన్ మీదకు ఆశ పోయింది. డ్రెస్డెన్ దగ్గర ఆ ఊళ్లో 1710లో పెట్టిన కార్ఖానా అది. ఒకదాని మీదొకటి అడ్డంగా వేసిన రెండు నీలి కత్తులు దాని ముద్ర. ఆ నీలం గ్లేజు అనే గాజుపూత కింద ఉంటుంది కాబట్టి గోటితో రాసినా చేతికి తగలదు. అయితే ఆ కత్తులను దొంగిలించిన కార్ఖానాలకు లెక్కలేదు. అందుకే కత్తులు కనబడితే నేను ముందు అనుమానిస్తాను, సంతోషం సంగతి తర్వాత.

ఇక్కడ కత్తులే లేవు. పసుపు, కుంకుమ, ఏళ్ల నాటి జిడ్డు. తడి దూదితో తుడిస్తే ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు తేలాయి. ముందు 'జపాన్'. ఉసూరుమంది ప్రాణం. ఇంకాస్త తుడిచాక దాని పైన 'ఆక్యుపైడ్'.

ఆ ఒక్క మాటతో బొమ్మ వయసు తేలిపోయింది. యుద్ధంలో ఓడిన జపాన్ 1952 ఏప్రిల్ దాకా మిత్రరాజ్యాల ఆక్రమణలో ఉంది. 1947 ప్రాంతం నుంచి అప్పటిదాకా, ఎగుమతి సరుకులో కొంతదాని మీద 'ఆక్యుపైడ్ జపాన్' అని వేశారు. అంతకు ముందూ ఆ మాట లేదు, తర్వాతా లేదు. దానికీ నకిలీలున్నాయి. కొత్తగా అద్దిన ముద్రయితే నెయిల్ పాలిష్ రిమూవర్‌కు ఊడివస్తుంది. మా ఆవిడ సీసా అడిగి తెచ్చి రుద్దాను. దూది తెల్లగానే ఉంది.

చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించి, చెప్పేశాను. "అత్తయ్యా, ఇది జర్మనీది కాదు. యుద్ధం అయ్యాక జపాన్‌లో చేసింది."

"మా నాన్న అబద్ధమాడతారా బాబూ?"

"ఆయన కాదండీ, అమ్మినవాడు ఆడి ఉంటాడు."

ఆవిడ బొమ్మను తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, అక్షరాలు కూడబలుక్కుని చదివారు. ఏ ఏడాదిదని మళ్లీ అడిగారు. చెప్పాను. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నారు. అత్తయ్య పుట్టింది 1949లో. వాళ్లన్నయ్య ఆవిడకన్నా పదకొండేళ్లు పెద్ద.

ఫోను తీసి రాజమండ్రికి కలిపారు. "అన్నయ్యా, దొరసాని బొమ్మ నీ బారసాలది కాదట. నాది! అల్లుడు గారు అద్దం పెట్టి మరీ చూశారు."